సుగ్గికి పోయినవాళ్ల నెంబరు

రామేశ్వరమ్మ ఫోనుకు రోజుకు పది పదిహేను ఓటీపీలు వస్తాయి. అలాగని ఆమె బ్యాంకుల్లో పెద్ద వ్యవహారాలు నడిపే మనిషేం కాదు, ఫోన్లో చీరలు కొనే సరదా కూడా లేదు. కోసిగి పక్కన వంకదిన్నె ఆరోగ్య ఉపకేంద్రంలో పదహారేళ్లుగా కాంట్రాక్టు ఏఎన్‌ఎం. ఊరంతా నర్సమ్మ అంటుంది. ఆ ఓటీపీలు గుంటూరు ఆసుపత్రుల నుంచో, పల్నాటి నుంచో, మిరప పండే దూరపు ఊళ్ల నుంచో వస్తాయి. వాటిలో ఒక్కటి కూడా ఆమె కోసం వచ్చింది కాదు.

"నీది ఫోను కాదు, ఊరుమ్మడి కొళాయి," అంటాడు భర్త లక్ష్మన్న. "ఎవురికి దప్పికైతే వాళ్లు తిప్పుకుంటాండారు."

అతను ఎగతాళికే అన్నా మాటలో అబద్ధం లేదు. వంకదిన్నెలో నాలుగు వందల పన్నెండు మంది ఆరోగ్య రికార్డులకు ఆమె నెంబరే తాళంచెవి. ఇది ఎవరో దుర్మార్గంగా చేసిన పని కాదు. రామేశ్వరమ్మ స్వయంగా, తన రెండు చేతులతో, మంచి అనుకునే చేసింది.

ఆ ఊరి సంగతి తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. వాన సరిగా పడని ఏడాది పత్తి రెండు కోతలకే అయిపోతుంది. ఆ తర్వాత ఊరు ఊరే సుగ్గికి పోతుంది. కూలి వెతుక్కుంటూ పిల్లాజెల్లాతో, తట్టాబుట్టతో దూరపు జిల్లాలకు వలసపోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. మిరపకాయలు కోస్తూ పొలం గట్ల మీద టార్పాలిన్ గుడిసెల్లో ఉగాది దాకా ఉంటారు. ఊళ్లో ముసలివాళ్లూ, ఎనుములూ, తలుపులకు వేసిన తాళాలూ మిగులుతాయి. సుగ్గిలో జ్వరమొస్తే ముక్కూ మొహం తెలియని ఆసుపత్రికి పోయి, "మా నర్సమ్మ తెల్లమాత్ర ఇస్తాండె, అది ఇయ్యండి" అని అడుగుతారు. కాగితాలు ఏవంటే ఎలుక కొట్టిందనో, వానకు తడిసిందనో చెబుతారు. ఏ రోగమో, ఏ మందు పడదో అక్కడి డాక్టరుకు తెలిసే దారి లేదు.

అందుకే రాష్ట్రమంతటా ఆసుపత్రులను ఒకే నెట్‌వర్కులో కలుపుతున్నారనీ, మనిషికొక ఆరోగ్య నెంబరిచ్చి రికార్డులన్నీ అందులో పెడతారనీ, ఎక్కడికి పోయినా అక్కడి డాక్టరు తెరిచి చూడవచ్చనీ ట్రైనింగులో చెప్పినప్పుడు, కునుకు తీస్తున్న వాళ్ల మధ్య రామేశ్వరమ్మ ఒక్కతే నిటారుగా కూర్చుని విన్నది. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన ఊరి కోసమే పుట్టిన పథకాన్ని చూడటం ఆమెకు అదే మొదలు.

రికార్డు తెరవాలంటే ఆ మనిషి ఫోనుకు ఓటీపీ వస్తుంది. మనిషి ఒప్పుకుని ఆ అంకెలు చెబితేనే తెరుచుకుంటుంది. పద్ధతి బాగానే ఉంది. కాకపోతే అది మనిషికొక ఫోను ఉన్న ఊరి పద్ధతి. వంకదిన్నెలో ఇంటికొక ఫోను, అది మగవాడి జేబులో ఉంటుంది. సుగ్గికి పోయినప్పుడల్లా కూలీలను పిలుచుకుపోయే మేస్త్రీ కొత్త సిమ్ము ఇస్తాడు, ఉగాదికల్లా అది చచ్చిపోతుంది. ఆమె ట్యాబు పట్టుకుని వీధిలోకి వచ్చిన రోజుకు లారీలు వచ్చి నిలబడ్డాయి, మూటలు ఎక్కుతున్నాయి.

"ఫోను నెంబరు చెప్పవ్వా," అంది ముసలి సుంకమ్మతో.

"నాకెవురు ఫోను చేస్తారు? నీదే ఎయ్యి నర్సమ్మా. నువ్వు యాడికీ పోవు గదా."

వేసింది. ఆ వెనకాల మనిషి విన్నాడు, అతనూ అదే మాట అన్నాడు. నలభై మంది అయ్యేసరికి తాను చేస్తున్నది తప్పని రామేశ్వరమ్మకు తెలుసు. తెలిసీ ఆపలేదు. లారీ హారను కొడుతోంది, వేయకపోతే వాళ్లు వట్టి చేతులతో పోతారు. మూడు రోజుల్లో నాలుగు వందల పన్నెండు మంది అయ్యారు.

తప్పు చేసినందుకు తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏ ఆసుపత్రి వాళ్లు ఫోను చేసి ఓటీపీ అడిగినా, "ముందు ఆ మనిషికి ఇయ్యప్పా ఫోను," అంటుంది. గొంతు విని, పేరు పిలిచి, "నీ కాయితాలు వీళ్లు చూస్తామంటాండారు, చూడొచ్చునా?" అని అడుగుతుంది. ఊ అంటేనే అంకెలు చెబుతుంది. ఒకసారి తిమ్మయ్య అనే ఊరి మనిషి వద్దన్నాడు, ఎందుకని అడగకుండా ఫోను పెట్టేసింది.

ఇంతమందిలో ఆమెకు నిద్ర పట్టనివ్వని మనిషి ఒక్కతే, శివాని. ఇరవై మూడేళ్ల పిల్ల. మొదటి కాన్పుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆసుపత్రిలో వేసిన ఒక సూది పడక ఒళ్లంతా ఉబ్బి, ఊపిరి అందక, దేవుడి దయ వల్ల బతికింది. బిడ్డ దక్కలేదు. పైగా ఊళ్లో వెతికినా దొరకని నెగటివ్ గ్రూపు రక్తం. లారీలు వచ్చేనాటికి మళ్లీ ఎనిమిదో నెల. సుగ్గికి పోవద్దని రామేశ్వరమ్మ గడప దగ్గర కూర్చుని బతిమాలింది.

"ఇంటికి తాళమేసి మేమంతా పోతాంటే ఒక్కతే ఈడుండి ఏం తింటాది నర్సమ్మా? ఆడైతే నా కళ్ల ముందరుంటాది," అంది అత్త నాగలక్ష్మమ్మ.  అందుకని రామేశ్వరమ్మ శివాని కాగితాలన్నీ, పాత డిశ్చార్జి చీటీతో సహా, ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి ఫొటో తీసి రికార్డులోకి ఎక్కించింది. ఆ పిల్ల ఏ ఆసుపత్రిలో పడ్డా ఆ చీటీ తన కన్నా ముందు పోయి మాట్లాడాలి. అదొక్కటే ఆమె ధైర్యం.

లారీలు పోయి నెల దాటాక ఒక ఉదయం జీపులో వాసుదేవ్ దిగాడు.

వాసుదేవ్ నెట్‌వర్కు జిల్లా సమన్వయకర్త. ఆదోనిలో మూడు తరాల కిరాణా అంగడి ఉన్న ఇంటివాడు. అంగడి తమ్ముడికి వదిలి కంప్యూటర్లు చదివాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్థుడు, కానీ ఆ రోజు మొహంలో రక్తం లేదు. ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈ నెంబరు ఎవురిది?"

"నాదే."

"ఈ కిందిది?"

"అదీ నాదే."

"నాలుగు వందల పన్నెండు పేర్లకూ ఇదే ఉండాది."

"అంతమందా? నువ్వు లెక్కబెట్టినావు, నేను పెట్టలేదు," అంది రామేశ్వరమ్మ. 

విషయం ఏమిటంటే, పై నెల మొదటి తేదీన నెట్‌వర్కును ప్రైవేటు ఆసుపత్రులకు కూడా విస్తరిస్తున్నారు. పెద్ద సభ, పెద్దవాళ్లు వస్తారు. అందరికన్నా ముందు నూటికి నూరు నమోదు పూర్తి చేసిన జిల్లా అని పేరు రాబోతోంది. సరిగ్గా ఇప్పుడు ఒక్క ఫోను మీద ఊరు ఊరంతా వేలాడుతోందని బయటపడితే పరువు పోతుంది. వాసుదేవ్ దగ్గర మందు సిద్ధంగా ఉంది. ఆ నెంబరును అన్ని రికార్డుల నుంచీ తీసేయాలి. ఉగాదికి జనం తిరిగొచ్చాక మళ్లీ కలుపుకోవచ్చు. రామేశ్వరమ్మ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. 'నా నిర్లక్ష్యం వల్ల, ప్రజల అనుమతి లేకుండా' అని అందులో టైపు కొట్టి ఉంది.

"తీసేస్తే మావాళ్ల కాయితాలు ఆడ తెరుసుకుంటాయా?"

"నెంబరు లేకుండా యాట్ల తెరుసుకుంటాయమ్మా? నాలుగు నెల్లే గదా."

అని అతను మొదటి పేరు మీద నొక్కాడు. రామేశ్వరమ్మ ఫోను టింగుమంది.

"చెప్పమ్మా."

"ఏంది చెప్పేది?"

"ఓటీపీ వచ్చింటాది. తీసెయ్యాలన్నా అదే కావాల."

రామేశ్వరమ్మ ఫోను వంక చూసింది, అతని వంక చూసింది. ఇంత పెద్ద నెట్‌వర్కు, దాని వెనక ఇన్ని ఆఫీసులు, అంతా వచ్చి ఇప్పుడు తన అరచేతి దగ్గర ఆగిపోయింది. నవ్వొచ్చింది ఆమెకు. ఆపుకుంది.

"ట్రైనింగులో ఎర్రక్షరాలతో రాసి చూపిస్తిరి, ఓటీపీ ఎవురికీ చెప్పగూడదని. చూపించింది నువ్వే."

"నాకు చెప్పొచ్చమ్మా."

"నీకు చెప్పొచ్చని రాయలేదప్పా."

వాసుదేవ్ ల్యాప్‌టాప్ మూసి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "అది గాదమ్మా. నాలుగు వందల మంది సమ్మతి మీ ఒక్కరి చేతిలో ఉంటే అది సమ్మతేనా? ఎవురికి ఏ జబ్బుండాదో మీరు తల్సుకుంటే ఎవురికైనా చూపించొచ్చు. మీరు చేయరు, నాకు తెలుసు. ఇంకొకరు చేస్తే?"

ఇది న్యాయమైన మాట. రామేశ్వరమ్మ వెంటనే ఒప్పుకుంది. "తప్పే. అందుకే చెప్తాండా, సరిజేద్దాం రా. ఏలిముద్రల మిషను తీసుకుని నాతో సుగ్గి గుడిసెల కాడికి రా. యాడెవురుండారో నాకు తెలుసు. ఒక్కొక్కరి ముందర నిలబడి, అడిగి, నా నెంబరు బదులు వాళ్ల ఏలిముద్ర ఏపిచ్చుకుందాం. నాలుగు వందల పన్నెండు ఓటీపీలు నా నోటితో నేనే చదువుతా. ఒక్కటి గూడా దాచను."

"సభకు పదకొండు రోజులే ఉండాది."

"ఆ పదకొండు రోజుల్లోనే ఒకామెకు కాన్పు ఉండాది. మీ సభ ఆగుతాది గానీ అది ఆగదు."

సంతకం పెట్టలేదు. అతను జీపెక్కి పోయాడు. మూడో రోజు కర్నూలు రమ్మని మెమో వచ్చింది.

కర్నూలు ఆఫీసులో నెట్‌వర్కు జిల్లా అధికారి డాక్టర్ ప్రదీప్‌కుమార్ గదిలో ఏసీ చలికి రామేశ్వరమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది. పక్కన వాసుదేవ్ ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. అధికారి కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. గొంతు పెంచని మనుషుల దగ్గరే ఎక్కువ భయం అని ఆమెకు అప్పుడు తెలిసింది.

"పై ఆఫీసుకు రాస్తే ఒక్క వారంలో వాళ్లే తీసేస్తారు. రాయకుండా ఇక్కడే ముగిద్దామని నా ఉద్దేశం. మీ మంచికే," అన్నాడు.

"నా మంచికైతే రాయండి సార్. జనం సుగ్గిలో ఉంటే మన మిషను ఊళ్లో కూర్చునిందని గూడా రాయండి."

"ఆ సిమ్ము ఇచ్చేయండి."

"సిమ్ము గవర్మెంటుది కాదు సార్. మా ఆయన కొనిచ్చినాడు. రీఛార్జి గూడా ఆయనే ఏపిస్తాండాడు."

ప్రదీప్‌కుమార్ పెన్ను కింద పెట్టాడు. "మీ కాంట్రాక్టు ఈ రోజుతో రద్దు చేస్తున్నాను. ఇకమీద మీరు సిబ్బంది కాదు. బయటి మనిషి ఇతరుల రికార్డు ఓటీపీ చెబితే అది నేరం. ఒక్కటి చెప్పినా కేసు పెడతాం. అర్థమైందా?"

అర్థమైంది.  పదహారేళ్లు ఎండలో తిరిగిన ఉద్యోగం, ఎప్పుడో పర్మినెంటు అవుతుందని ఎదురుచూసిన ఉద్యోగం, నీళ్ల గ్లాసు ఖాళీ అయ్యేలోపల పోయింది. ఏడుపొచ్చింది. ఈ గదిలో మాత్రం ఏడవకూడదని పళ్లు బిగించింది. సంతకం కాగితం ఆమె ముందుకు జరిపారు. 'నిర్లక్ష్యం వల్ల' అన్న ముక్కను అడ్డంగా కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'వాళ్లు అడిగినందువల్ల' అని రాసింది. 'అనుమతి లేకుండా' అన్నది కూడా కొట్టేసి, 'వాళ్లనడిగి' అని రాసింది. తప్పొప్పులు దిద్దిన కాపీ పుస్తకంలా తయారైంది ఆ కాగితం. దాని కింద సంతకం పెట్టి లేచింది.

బస్టాండులో ఆదోని బస్సు కోసం నిలబడ్డప్పుడు సమయం పన్నెండున్నర. ఫోను మోగింది. కొత్త నెంబరు.

"నాగలక్ష్మమ్మ కోడలు శివాని. మీ నెంబరు ఇచ్చారు. నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలి. ఏదో సూది పడదంటున్నారు, ఏదో చెప్పలేకపోతున్నారు," అంది గుంటూరు వైపు ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ. వెనకాల ఇనుప మంచం లాగుతున్న చప్పుడు.

ఆ సూది పేరు రామేశ్వరమ్మకు నాలుక చివర ఆడుతోంది గానీ రావడం లేదు. చీటీలో ఒకే రకంగా ధ్వనించే పేర్లు రెండు ఉన్నాయి. వాటిలో ఒకటి పడదు, ఒకటి పడుతుంది. తారుమారు చేసి చెబితే ఆ పిల్ల ప్రాణం తీసినట్టే.

"రికార్డులో చీటీ ఫొటో ఉండాది మేడం. తెరవండి."

"మేం నొక్కాం. ఓటీపీ మీకే వచ్చింది."

వచ్చింది. ఆరు అంకెలు ఫోను మీద కనబడుతున్నాయి. బయటి మనిషి చెబితే కేసు అని పావుగంట క్రితమే విన్నది. పోలీసు స్టేషను గడప ఆమె పుట్టాక తొక్కలేదు. ఒక్కసారి లక్ష్మన్న మొహం కళ్ల ముందు మెదిలింది.

"ముందు ఆ పిల్లకియ్యండి ఫోను," అంది.

ఊపిరి బరువుగా వినబడింది. ఆ తర్వాత, "నర్సమ్మా."

"శివానీ, నీ కాయితాలు వాళ్లు చూస్తామంటాండారు. చూడొచ్చునా?"

"చూడనీమ్మా. తొందరగా చూడమను. నొస్తాంది."

ఒక్కొక్క అంకె విడదీసి, బస్సుల హారన్లు దాటి వినబడేలా గట్టిగా చెప్పింది. మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. చూడనీ అనుకుంది.  "తెరుచుకుంది. చీటీ కనిపిస్తోంది. అదే సూది ట్రేలో పెట్టి ఉంది, తీసేయిస్తాను. రక్తం నెగటివా, పాత ఆపరేషనా..." డాక్టరమ్మ గొంతు ఎవరినో కేకేస్తూ దూరమైంది. ఫోను ఆగిపోయింది.

ఆదోని బస్సు వచ్చింది, పోయింది. తర్వాతిది కూడా పోయింది. రామేశ్వరమ్మ సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఫోనును రెండు చేతుల మధ్య పెట్టుకుంది. టీ తెచ్చుకుని తాగడం మర్చిపోయింది. ఇన్ని కాన్పులు చూసిన మనిషికి కాన్పు గది బయట కూర్చోవడం ఎంత కష్టమో ఈ వయసులో తెలిసొచ్చింది.

మూడు దాటాక నాగలక్ష్మమ్మ ఫోను చేసింది. వెక్కుతూనే చెప్పింది. "ఆడపిల్ల నర్సమ్మా. ఏడ్సింది. శానా గట్టిగా ఏడ్సింది. తల్లికి రక్తమెక్కిస్తాండారు, కండ్లు తెరిసి చూస్తాంది, ఉబ్బలేదు."

అప్పుడు ఏడ్చింది రామేశ్వరమ్మ. బస్టాండులో, అందరి ముందు, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. అయ్యాక మొహం తుడుచుకుని, ముక్కు చీది, వాసుదేవ్‌కు ఫోను కలిపింది. దొంగతనం చేసినదానిలా దాక్కుని ఇంటికి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"నేనప్పా, రామేశ్వరమ్మను. పన్నెండూ ముప్పై అయిదుకు ఒక ఓటీపీ చెప్పినా. కర్నూలు బస్టాండులో నిలబడి, ఉద్యోగం పోయినాకనే చెప్పినా. మీ సారుకు చెప్పు, కేసు రాసుకోమను. రేపు మళ్లీ ఎవురన్నా అడిగినా చెప్తా. ఆపాలంటే సుగ్గికి జీపు తీయండి, నేను ముందర కూర్చుంటా."

 అవతల ఫైళ్లు జరిపిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు అయ్యాయి. వాసుదేవ్ గదిలోంచి బయటికి వచ్చినట్టున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురికమ్మా? ఏమయింది ఆ మనిషికి?"

"అది నేను చెప్పేది కాదప్పా," అంది రామేశ్వరమ్మ. "ఆమెనడగాల. ఒళ్లు తేరుకున్నాక అడుగుతా. సరేనంటే చెప్తా."